వినపడలేదన్న ఊరికి వినిపించాలె

(చిన్న సినిమాల్లో మాట, చప్పుడు, మౌనం గురించి హన్మకొండలో గ్రామ కార్యకర్తలు, యువ కళాకారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మీలో చాలామంది చేతుల్లో కెమెరా ఉన్నది. ఫోన్ ఉన్నదంటే కెమెరా ఉన్నట్టే. ముప్పై యేండ్ల కింద సినిమా తీయాలంటే లక్షలు కావాలె, ఎవరిదో గడప తొక్కాలె. ఇప్పుడు వాడలో నలుగురు తమ్ముళ్లు కూడితే పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తయారైతున్నది. భూమి తగాదా మీద తీస్తున్నరు, గుడి మెట్ల మీద తీస్తున్నరు, కులాంతర పెండ్లిళ్ల మీద, హాస్టల్ పిల్లల గోస మీద తీస్తున్నరు. సంతోషం. అయితే మనోళ్ల సినిమాలు కూసోని చూస్తే ఒక సంగతి అర్థమైతది. బొమ్మ మీద పెట్టినంత పాణం చప్పుడు మీద పెడుతలేరు. బొమ్మ అద్దంలెక్క ఉంటది, మాట గాలిలో కొట్టుకపోతది. లేకపోతే మొదటి నుంచి చివరిదాక మాటలే మాటలు, చూసేటోనికి ఊపిరాడదు. వీటన్నిటి మీద ఎక్కడినుంచో తెచ్చిన సంగీతం.

ఇది సాంకేతిక విషయమే కదా, మెల్లగ నేర్చుకుంటరు అనిపించొచ్చు. నేను ఆ మాట ఒప్పుకోను. దళితులకు సంబంధించినంత వరకు చప్పుడు రాజకీయ విషయం. ఎట్లనో ముందు చెప్పి, తర్వాత సినిమాలకు వస్త.

చట్టం అడిగేది చెవినే

1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అందులో 3(1)(10) అనేది మన కార్యకర్తలందరికీ నోటికొచ్చిన సెక్షన్. 2015లో చట్టాన్ని సవరించిండ్రు. 2016 జనవరి 26 నుంచి అది 3(1)(ఆర్), 3(1)(ఎస్) అని రెండైంది. పదిమంది చూసే చోట కావాలని అవమానించడం ఒకటి, పదిమంది చూసే చోట కులం పేరుతో తిట్టడం ఇంకొకటి. కేసు పెట్టినంక మనను ఏమడుగుతరు? ఏమన్నడు? కులం పేరు పెట్టే అన్నడా? ఏ జాగల అన్నడు? ఎవరు విన్నరు? నాలుగు గోడల మధ్య, బయటి మనుషులెవరూ లేనిచోట అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఏం మాట నోట్ల నుంచి ఎల్లింది, ఎవరి చెవిన పడ్డది అనేదాని మీదనే మన కేసు నిలబడుతది, లేకుంటే కూలిపోతది.

మరి ఊరేమంటది? హోటల్ కాడ పదిమంది కూసోని చాయ తాగుతుంటరు. వాళ్ల ముందే మన పెద్దమనిషిని పట్టుకొని కులం పేరు తీసి తిడుతరు. తెల్లారి సాక్ష్యం చెప్పుమంటే పదిమందిదీ ఒకటే మాట: ‘మాకు వినపడలే’. పక్కనే ఉన్నరు, చెవులున్నయి, అయినా వినపడలే. ఈ చెవుడు పుట్టుకతో వచ్చింది కాదు, కులంతో వచ్చింది.

చుండూరు సంగతి మీకు తెలుసు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపిండ్రు. ఆ ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టేదాక మన ఉద్యమం కొట్లాడింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. భర్తలను, కొడుకులను పోగొట్టుకున్నోళ్లు బోనుల నిలబడి చెప్పిన మాటలు చాలలేదు. మన మాట పుట్టినప్పటి నుంచి దానికి ఇదే గతి. పలికితే తప్పు, పలికింది నిరూపించకపోతే ఇంకో తప్పు.

కాబట్టి ఇయ్యాల నేను చెప్పేది ఒక్కటే. వినలేదని తప్పించుకునే ఊరికి వినిపించడమే మన చిన్న సినిమా చేయవలసిన పని. సినిమా కోర్టు కాదు, శిక్ష వేయలేదు. కానీ చీకట్లో కూసున్న రెండొందల మందిని అది సాక్షులను చేస్తది. ఆ మాట వాళ్ల చెవిన పడ్డది. ఇగ తెల్లారి వినపడలేదని అనడానికి లేదు. ఇది మనసుల పెట్టుకుంటే మాట ఎట్ల రాయాలె, చప్పుడు ఎట్ల పట్టాలె అనేది దానంతటదే తోవ చూపిస్తది.

తెర మీద మన గొంతు

సినిమాకు మాట రాకముందే మన మీద నిషేధం మొదలైంది. కేరళలో మొదటి సినిమా ‘విగతకుమారన్’. 1920ల చివర తీసిన మూగ సినిమా అది. అందులో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం వేసింది. నోరు తెరిచి ఒక్క మాట అన్నది లేదు, అసలు ఆ సినిమాకు నోరే లేదు. అయినా అగ్రకులపోళ్లు ఓర్వలేకపోయిండ్రు, ఆమె మీద దాడికి దిగిండ్రు. ఆమె ఊరిడిసి తమిళనాడుకు పోయి బతకవలసి వచ్చింది.

తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. సురభి నాటక సమాజం వాళ్లు ఆడే నాటకాన్నే హెచ్.ఎం. రెడ్డి సినిమా తీసిండు. అంటే తెలుగు సినిమా నాటకం గొంతుతోటే మాట నేర్చుకున్నది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసిండు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. తెర మీదికి వాడుక భాషను తెచ్చిన సినిమాగా దానికి పేరు. మంచిదే. అంటరానితనం మీద సినిమా తీయడం అప్పట్లో చిన్న సాహసం కాదు. కానీ మనం అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. వాడుక భాష అంటే ఎవరి వాడుక? మాలపల్లెల వాడుకనా, మాదిగ గూడెం వాడుకనా, చదువుకున్నోళ్ల ఇంటి వాడుకనా?

ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏం జరిగింది? హీరోకు ఒక భాష, మనకు ఇంకొక భాష. తెలంగాణ మాట మాట్లాడేటోడు రౌడీ అయినా కావాలె, నవ్వించేటోడు అయినా కావాలె. పనిమనిషి, జీతగాడు, తాగుబోతు, వీళ్ల నోట్ల నుంచి వస్తేనే మన యాస. డప్పు మోగిందంటే చావన్నా ఉండాలె, తాగి ఎగిరే పాటన్నా ఉండాలె. ఈ పదేండ్లలో తెలంగాణ మాటకు గిరాకీ వచ్చింది, నిజమే. ‘ఫిదా’ 2017లో వస్తే హీరోయినే మన యాస మాట్లాడింది, జనం చప్పట్లు కొట్టిండ్రు. కానీ ఊరి మాటకు గిరాకీ వస్తే వాడ మాటకు వచ్చినట్టేనా? అది ఇంకా బయటనే నిలబడి ఉన్నది.

దీనికి ఎదురుబోయిన సినిమాలు కూడ ఉన్నయి. 1979లో బి. నర్సింగరావు నిర్మాతగా, గౌతం ఘోష్ దర్శకుడిగా ‘మా భూమి’ తయారైంది. సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాటను గద్దర్ తెర మీద పాడిండు. గొంగడి వేసుకొని, కట్టె పట్టుకొని పాడే ఆ గొంతును స్టూడియోలో సాపు చేయలేదు. అది ఊరి గొంతులెక్కనే వినపడుతది, అందుకే నిలిచింది. 1988లో నర్సింగరావే ‘దాసి’ తీసిండు. దొర గడీలో కట్నంతో పాటు వచ్చిన ఆడపిల్ల కథ. ఐదు జాతీయ అవార్డులు వచ్చినయి, దాసి వేషం వేసిన అర్చనకు ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ సినిమాల మాటలు ఎంత తక్కువో చూడుండ్రి. దాసికి నోరు ఇవ్వని గడీలో ఆమె చేత ఉపన్యాసం చెప్పించలేదు. ఆమెకు నోరు లేకపోవడమే మనకు వినపడుతది. మౌనం కూడ ఒక మాటనే అని ఆ సినిమా నేర్పింది.

పస్తాపూర్ అక్కల పాఠం

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు చాలా యేండ్ల కిందనే కెమెరా పట్టిండ్రు. కూలి పని చేసినోళ్లు, బడి మొఖం సరిగ చూడనోళ్లు. వరంగల్‌కు వాళ్ల రుణం ఉన్నది. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినంక ఆ పంటకాలమంతా వాళ్లు మన జిల్లా రైతుల చేన్ల వెంట తిరిగిండ్రు. విత్తనం పెట్టిన దినం ఏమన్నరు, పూత రాలినప్పుడు ఏమన్నరు, దిగుబడి చూసినంక ఏమన్నరు, అంతా రైతుల నోటితోనే పట్టి 2003లో సినిమా తీసిండ్రు. కంపెనీ చెప్పే లెక్కలకు జవాబుగా రైతు గొంతును నిలబెట్టిండ్రు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. అది నడిపేటోళ్లు కూడ ఆ అక్కలే.

కెమెరా నేర్చుకునేటప్పుడు వాళ్లు షాట్లకు తమ పేర్లు తాము పెట్టుకున్నరు. మీది నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. ఎందుకంటే పటేల్ ఎప్పుడూ మనను మీది నుంచే చూసిండు. కండ్లకు కండ్లు సమానంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. ఎందుకంటే సంఘంల అందరూ చాప మీద ఒక్క ఎత్తున కూసుంటరు.

ఈ పాఠాన్ని చెవికి కూడ తెచ్చుకుందాం. పటేల్ షాట్ ఉన్నట్టే పటేల్ గొంతు కూడ ఉంటది. మన చిన్న సినిమాలు చాలావాటిల మొదట్లనే ఒక గంభీరమైన గొంతు, పుస్తకం భాషలో, ‘అది ఒక మారుమూల గ్రామం, అక్కడ దళితులు దుర్భర జీవితం గడుపుతున్నారు’ అని చెప్తది. ఎవరా మాట్లాడేది? ఎక్కడ కూసోని మాట్లాడుతున్నడు? వాడ మీదికెళ్లి ఎగురుకుంట చెప్తున్నడు. అది పటేల్ గొంతు. మన సినిమాల మనమే పెట్టుకుంటున్నం. దాన్ని తీసేయుండ్రి. వాడల బతికే మనిషి పక్కమనిషితో అనే మాట, ఆ మనిషి ఇచ్చే జవాబు, ఇవి చాలు. అది సంఘం గొంతు.

మాటలు ఎట్ల రాయాలె

ఒక కథ అనుకుందాం. మల్లయ్యకు అరవై యేండ్లు, కౌలు చేస్తడు. భూమి యజమాని కొడుక్కు ఇరవై రెండేండ్లు. మనోళ్లు మామూలుగా రాసే సీన్‌ల మల్లయ్య చెయ్యెత్తి, ‘తరతరాలుగా మా జాతిని అణగదొక్కిన మీ మనువాద భూస్వామ్య వ్యవస్థను కూకటివేళ్లతో పెకిలిస్తం’ అంటడు. మాట తప్పు కాదు, నేను కూడ మీటింగులల్ల అంట. కానీ చేను కాడ మల్లయ్య అంటడా? కరపత్రంల ఉండాల్సిన మాటను మల్లయ్య నోట్ల పెట్టినం. చూసే జనానికి మల్లయ్య కనపడడు, రాసినోడు కనపడుతడు.

ఇంకొక తీరు చూడుండ్రి. పిలగాడు బండి దిగకుండనే, ‘ఒరేయ్ మల్లిగా, నీళ్లు కట్టినవారా?’ అంటడు. ‘కట్టిన పటేలా’ అంటడు ముసలాయన. పక్కన ఉన్న మనుమరాలు, డిగ్రీ చదివే పిల్ల, ‘తాతా, ఆయన నీకంటె పెద్దోడా?’ అని అడుగుతది. మల్లయ్య ఏం చెప్పడు, పార భుజానేసుకొని ఒడ్డెక్కుతడు. మొత్తం మూడు మాటలు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. వ్యవస్థ అన్న మాట రాలేదు. అయినా అంతా వినపడ్డది.

ఇదే సినిమాకు చివర ఎట్ల ఉండాలె? పిలగాడు మళ్లీ వస్తడు, ‘ఒరేయ్ మల్లిగా’ అంటడు. మల్లయ్య తలెత్తడు. గడ్డపార మట్టిల దిగే చప్పుడు. రెండోసారి పిలుస్తడు, ఇంకా గట్టిగ. మళ్లీ గడ్డపార చప్పుడే. పిలగాడు అటు ఇటు చూస్తడు, గొంతు సవరించుకుంటడు, ‘మల్లయ్యా’ అంటడు. అప్పుడు ముసలాయన తలెత్తుతడు. సినిమా అయిపోయింది. ఉపన్యాసంతో కాని పని పిలుపుతో అయితది.

తెలుగుల కులం దాచుకునే జాగ ఇదే. మనోళ్లకు తల్లిదండ్రులు రాజయ్య అని, ఎల్లమ్మ అని పేరు పెడుతరు. ఊర్లోకి అడుగు పెట్టంగనే రాజిగాడు, ఎల్లి అయితరు. దొరింటి చిన్నపిలగాడు కూడ ‘చిన్న దొర’. నువ్వు, మీరు, రా, ఏమే, అయ్యా, పటేలా: వీటిల ప్రతిదానికీ ఒక ఎత్తున్నది, ఒక పల్లమున్నది. మాటలు రాసేటప్పుడు ఎవరు ఎవరిని ఏమని పిలుస్తరో ముందు ఒక కాయితం మీద రాసుకోండ్రి. సగం కథ అక్కడనే తేలుతది. ఆ పిలుపు ఎప్పుడు మారుతదో అక్కడ మీ కథ మలుపు తిరుగుతది.

ఇంకో రెండు మాటలు. మన సినిమాల ఆడోళ్లకు ఏడుపు తప్ప మాటలు రాస్తలేరు. వాడల ఏ ఇంట్లనన్న కూసోండ్రి, కూలి రేటు మాట్లాడేది ఎవరు, సంఘం పైసల లెక్క చెప్పేది ఎవరు, పోలీస్ స్టేషన్ ముందు గొంతెత్తేది ఎవరు? ఆ మాటలు పట్టుకోండ్రి. మనోళ్ల హాస్యం కూడ పట్టుకోండ్రి. దొర మీద నాటు వేసేకాడ ఆడోళ్లు వేసే జోకులు ఏ రచయిత రాయలేడు. ఎప్పుడూ ఏడ్చే మనుషులుగా చూపిస్తే చూసేటోనికి జాలి పుడుతది. మనకు జాలి అక్కరలేదు.

పది నిమిషాల సినిమాల నాలుగు నిమిషాల కంటె ఎక్కువ మాటలుంటే మళ్లీ చదువుకోండ్రి. కండ్లకు కనపడేదాన్ని నోటితో చెప్పించే మాట ప్రతిదీ కొట్టేయండ్రి. తలుపు మూసింది కనపడుతుంటే ‘తలుపెందుకు మూస్తున్నవు’ అని అడగనవసరం లేదు.

తిట్టును ఎట్ల వినిపించాలె

ఇది కష్టమైన సంగతి. కులం పేరుతో తిట్టే సీన్ లేకుండ మన కథ చెప్పలేం. కానీ ఆ తిట్టు రాయడంల జాగ్రత్త కావాలె. తిట్టేటోనికి పెద్ద పెద్ద మాటలు, వెనుక సంగీతం, దగ్గరి నుంచి కెమెరా పెడితే వాడు హీరో అయితడు. రేపు ఆ ముక్కను కోసి వాళ్లే ఫోన్లల్ల తిప్పుకొని నవ్వుకుంటరు. మన సినిమా వాళ్ల చేతికి కట్టె ఇచ్చినట్టయితది.

నా సలహా ఏందంటే తిట్టు ఒక్కసారే వినిపించండ్రి. స్పష్టంగ వినిపించండ్రి, పీప్ చప్పుడు పెట్టి దాచొద్దు. కానీ ఆ టైంల కెమెరా తిట్టేటోని మీద ఉండొద్దు, విన్నోళ్ల మీద ఉండాలె. హోటల్‌ల కూసున్న పదిమంది మీద. ఒకడు పేపర్ మడత పెడుతడు. ఒకడు చాయల ఊదుకుంటడు. తిట్టు అయిపోయినంక మూడు సెకండ్లు ఏ మాటా వద్దు. గ్యాస్ పొయ్యి మండే చప్పుడు. చెంచా గ్లాసుకు తాకే చప్పుడు. ఎవరో ‘ఇంకో చాయ పొయ్యి’ అంటడు. ఊరు మళ్లీ నడుస్తది. ఆ చెంచా చప్పుడే నేరం. సినిమా చూసేటోడు ఆ పదిమందిల తనను తాను పోల్చుకుంటడు. రేపు పంచాయితీల ‘మాకు వినపడలే’ అన్న సీన్ వచ్చినప్పుడు చూస్తున్న జనమే ‘విన్నరు, విన్నరు’ అని అరువాలె. చట్టం వెతికే సాక్షి అక్కడ పుడుతడు.

చప్పుడు, మౌనం

మరాఠీల నాగరాజ్ మంజులే అని దర్శకుడున్నడు. 2009లో ‘పిస్తుల్యా’ అనే చిన్న సినిమాతోనే ఆయన మొదలుపెట్టి జాతీయ అవార్డు తీసుకున్నడు. 2013లో ‘ఫండ్రీ’ తీసిండు. అందులో ఊరి బయట బతికే కుటుంబం బడి పక్కన పందిని తరుముతుంటది. పంది చిక్కే టైంకు బడిల నుంచి జాతీయగీతం వినపడుతది. అందరూ ఎక్కడోళ్లు అక్కడ నిలబడిపోతరు. పంది తప్పించుకొని పోతది. ఒక్క మాట లేదు. దేశం పాట చెవిన పడంగనే గౌరవంగ నిలబడే మనిషికి ఆ దేశం ఏ గౌరవం ఇచ్చింది అనే ప్రశ్న చప్పుడుతోనే అడిగిండు. బయటినుంచి తెచ్చిన సంగీతం కాదది, ఆ జాగల నిజంగ వినపడేదే.

మన వాడలకు కూడ దాని చప్పుళ్లు దానికున్నయి. హోటల్ బయట మన గ్లాసు మనమే కడుక్కునే చప్పుడు. చెప్పులు చేతుల పట్టుకొని ఉత్త కాళ్లతో నడిచే చప్పుడు. తెల్లారి నాలుగింటికి ఊర్లు ఊడ్వబోయే అక్క చీపురు చప్పుడు. ఊరి గుడి మైకు వాడదాక వినపడుతది, వాడ మనిషి మాత్రం గుడిదాక పోలేడు: ఇదే ఒక సినిమా. కెమెరా పట్టకముందు ఒక దినం కండ్లు మూసుకొని మీ వాడల కూసోండ్రి. ఏమేం వినపడుతున్నయో రాసుకోండ్రి.

డప్పు గురించి ప్రత్యేకంగ చెప్పాలె. చావు డప్పు వేరు, పెండ్లి దరువు వేరు, జాతర దరువు వేరు, చాటింపు వేరు. తెలిసినోడు కండ్లు మూసుకొని చెప్తడు. సినిమాలోళ్లకు ఈ తేడా తెల్వదు, అన్నిటికీ ఒకటే కొట్టిస్తరు. మనం ఆ తప్పు చేయొద్దు. వాడల పెద్దలను పిలిచి అడిగి కొట్టించండ్రి. డప్పును మంట మీద కాపే టైంల వచ్చే చప్పుడు, చిర్ర, సిటికెన పుల్ల తాకించి చూసుకునే చప్పుడు, ఇవి కూడ పట్టండ్రి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు. దొర హుకుం చాటిన డప్పే మన హక్కును చాటింది. సినిమాల కూడ అదే దరువు మొదట ఎవరి కోసం మోగింది, చివరికి ఎవరి కోసం మోగింది అని చూపిస్తే చాలు, కథ అయిపోతది.

2023లో ‘బలగం’ వచ్చింది. ఊర్లల్ల తెరలు కట్టి చూసిండ్రు. దాని చివరికి కుటుంబాన్ని కలిపింది ఏంది? దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ గొంతులు. మన వరంగల్ గొంతులే. మొగిలయ్య కిడ్నీల జబ్బుతో బాధపడి 2024 డిసెంబర్‌లో పోయిండు. జనగామ జిల్లా అప్పిరెడ్డిపల్లె చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇంత సంపద మన చుట్టు ఉండంగ ఎక్కడిదో వయొలిన్ ఏడుపు తెచ్చి అతికించుడెందుకు? కానీ ఒక షరతు. వాళ్ల చేత పాడిస్తే కూలి ఇయ్యాలె, పేరు తెర మీద వెయ్యాలె. వాళ్ల గొంతు తీసుకొని పేరు మింగేస్తే మనకు, దొరకు తేడా ఏమున్నది?

ఫోన్‌తో పట్టేటప్పుడు

ఇగ పని మాటలు. ఫోన్‌కు దూరం పనికిరాదు. పది అడుగుల దూరంల ఉన్న మనిషి మాట గాలిల కలుస్తది. అందుకని రెండో ఫోన్ తీసుకొని రికార్డింగ్ పెట్టి మాట్లాడే మనిషి జేబుల, కండువా కింద, గంప పక్కన దాచుండ్రి. షాట్ మొదలుపెట్టంగనే ఒక్క చప్పట కొట్టాలె. ఆ చప్పుడు రెండు ఫోన్లల్ల పడుతది. ఎడిటింగ్‌ల ఆ రెండు చప్పుళ్లను ఒక్కతాన కలిపితే మాట, పెదవి కలుస్తయి. పైసలుంటే కాలర్ మైకు కొనుక్కోండ్రి. మైకు మీద స్పంజి లేకపోతే పల్చటి గుడ్డ కట్టండ్రి, గాలి కొట్టదు. షూటింగ్ ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌ల పెట్టండ్రి. ఇంట్లనైతే ఫ్యాన్, ఫ్రిజ్ బందు చేయండ్రి. గోడల చప్పుడు తిరిగి కొడితే బొంతలు వేలాడదీయండ్రి.

ఒకలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వినుకుంట ఉండాలె. ఆ పని ఒక్కరికే అప్పజెప్పండ్రి, అది కెమెరా పట్టినంత పెద్ద పని. ప్రతి జాగల మాటలయిపోయినంక అందరూ కదలకుండ ఒక నిమిషం ఆ జాగ చప్పుడు ఉత్తగనే పట్టుకోండ్రి. ముక్కలు అతికించేటప్పుడు మధ్యల పడే గుంతలు దానితో పూడుతయి. డప్పు పట్టేటప్పుడు దగ్గరికి పోవద్దు, ఫోన్ మైకు పగిలినట్టు వినపడుతది. పదిహేను అడుగులు జరుగుండ్రి.

నటించేటోళ్లకు ఒక మాట. చిందు యక్షగానంల మైకు లేకుండ చివర కూసున్నోని దాక గొంతు పోవాలె. అది గొప్ప విద్య. సినిమాల మైకు మన గదవ కింద ఉంటది. అక్కడ అరిస్తే అబద్ధం అయితది. పక్కమంచం మీద ఉన్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడండ్రి. రాసిన మాట నోటికి తిరగకపోతే నటించే అవ్వ తన మాటల చెప్పనీయండ్రి. ఆమె చెప్పిందే అసలు మాట.

సినిమా అయిపోయినంక

మన సినిమా యూట్యూబ్‌ల పెట్టి ఎంతమంది చూసిండ్రో లెక్కపెట్టుకుంట కూసోవద్దు. ఫోన్‌ల ఒక్కడే చూస్తడు, మూసేస్తడు. ఊర్ల తెర కట్టండ్రి. వాడల ఒక రోజు, ఊరి నడుమ ఒక రోజు. సౌండు బాక్సులు ముందే కట్టి చివరి వరుసల కూసోని విని చూడండ్రి, ముసలోళ్లకు వినపడకపోతే ఆడినట్టే కాదు. సినిమా అయిపోంగనే పాట పెట్టొద్దు. లైటు వేసి, మైకు ముందుగాల ఒక ఆడమనిషి చేతికి ఇయ్యండ్రి. ‘మీకేం వినపడ్డది?’ అని అడుగుండ్రి. ఏం కనపడ్డది అని అడగొద్దు.

అప్పుడు ఒకలిద్దరు మెల్లగ నోరిప్పుతరు. ఫలానా యేడు మా ఇంటాయనను ఇట్లనే అన్నరని ఒక అక్క చెప్తది. ఆనాడు హోటల్ కాడ నేను కూడ ఉన్ననని ఊర్లోళ్లల్ల ఎవరో ఒకడు అంటడు. ఆ ఒక్క మాట కోసమే ఈ కష్టమంత. అది రాసుకోండ్రి, ఆయన పేరు రాసుకోండ్రి, అవసరం పడ్డనాడు ఆయన ఇంటికి పోండ్రి.

ఇక్కడికి వచ్చిన ప్రతి బృందానికి ఒక పని చెప్తున్న. వచ్చే నెల తరగతులకు వచ్చేటప్పుడు కెమెరా బొమ్మ ఒక్కటి కూడ తేవద్దు. మీ వాడల చప్పుడు ఐదు నిమిషాలు పట్టుకొని రాండ్రి. ఏ ఊరిదో చెప్పకుండ అందరం కూసోని వింటం. అది వాడనో, ఊరో చెవితోనే పోల్చగలిగితే, మీకు సినిమా తీయడం వచ్చినట్టే.

జై భీమ్.